ఒక దినమునకు చాలిన నూనె



చీరాల నుండి వాడరేవుకు పోయే దారి మీలో చాలామందికి తెలిసినదే. మగ్గముల చప్పుడు వినిపించే పేటలు దాటి, తోటలు, ఇసుక నేలలు దాటి కొంతదూరము పోతే ముందు దీపస్తంభము కనిపిస్తుంది, తరువాత సముద్రము వినిపిస్తుంది. ఒడ్డున పడవలు, ఆరవేసిన వలలు, ఎండుచేపల వాసన. ఆదివారములలోను, సెలవు దినములలోను గుంటూరు వైపు నుండి, నరసరావుపేట వైపు నుండి పిల్లాపాపలతో వచ్చి నీళ్లలో ఆడుకొని సాయంత్రమునకు వెళ్లిపోయేవారు ఎందరో. అయితే సముద్రమును చూడవచ్చేవారి సముద్రము వేరు, సముద్రము మీద బ్రతికేవారి సముద్రము వేరు.

ఇక్కడి వృద్ధులను మీ వయస్సెంత అని అడిగితే సంవత్సరము చెప్పరు. “ఉప్పెనప్పటికి నాకు పెళ్లయింది” అంటారు. అది 1977 నవంబరు 19. దివిసీమను తుడిచివేసి, ఈ తీరమంతటిని ఏడిపించిన ఉప్పెన. వారి కుమారులు 1990 మే నెల తుపానును లెక్కపెట్టుకొంటారు. మనుమలు 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీని లెక్కపెట్టుకొంటారు. ఇక ఇప్పటి పసివారు లెక్కపెట్టుకొనబోయేది 2023 డిసెంబరు 5. ఆ మంగళవారము మధ్యాహ్నము మిచౌంగ్ తుపాను బాపట్లకు దగ్గరలో తీరము దాటింది. గంటకు 90 నుండి 100 కిలోమీటర్ల వేగముతో గాలి వీచింది.

దేవుని కృప వలన, ముందుగా హెచ్చరిక అందిన వలన, మా సంఘములో ప్రాణనష్టము లేదు. కాని మా సంఘస్థులలో కొందరు వేటకు పోయేవారు, కొందరు కౌలుకు వరి వేసేవారు, ఎక్కువమంది ఆ రెండు చోట్లా కూలి చేసుకొనేవారు. ఒకరి పడవ ఒడ్డుకు కొట్టుకొని పక్క చీలిపోయింది, ఇంజనులో ఇసుక చేరింది. కోసి పనలుగా వేసిన వరి నీళ్లలో మునిగి, మూడవ దినమునకే గింజ మొలకెత్తింది. కోయని వరి నేలకు అంటుకొనిపోయింది. చేతికి వచ్చిన పంట నోటికి రాలేదు. పంట లేదు గనుక కోత కూలి లేదు. కూలి లేదు గనుక దుకాణములో అప్పు పుట్టలేదు.

ఆ తరువాతి ఆదివారము, అనగా డిసెంబరు 10న, ఆరాధన అయిన పిమ్మట సంఘపెద్దలు కూర్చున్నారు. క్రిస్మసుకు పదిహేను దినములున్నవి. ప్రతి యేటా ఆ పాటికి యౌవనస్థులు వెదురు బద్దలతో, రంగు కాగితములతో నక్షత్రము కట్టి గుడి ముందర పొడవాటి గడకు ఎత్తేవారు. రాత్రులు ఇంటింటికి పాటలతో తిరిగేవారు. ఆ యేడు ఎవరును వెదురు నరకలేదు. పెద్దలలో ఒకరు, సంఘమునకు ఎంతో కాలముగా సేవ చేసినవారు, మెల్లగా ఇలా అన్నారు: “అయ్యగారూ, ఈ యేడు పండగ వద్దండి. ఇంట్లో దీపానికి దిక్కు లేనప్పుడు గుడికి తోరణాలేమిటి? నలుగురూ నవ్వుతారు. ఆ రోజున ప్రార్థన చేసుకుని ఇళ్లకు పోదాం. నక్షత్రం వద్దు, పాటలు వద్దు.”

ఆయన విశ్వాసము లేనివాడై ఆ మాట అనలేదు. నాలుగెకరముల కౌలు వరి పోగొట్టుకొని అన్నాడు. మాకు జవాబు తోచలేదు. వచ్చే ఆదివారము నిర్ణయించుకొందామని చెప్పి ప్రార్థించి లేచాము.

డిసెంబరు 12 మంగళవారము మేము, మా యింటివారు, ఒక సంఘపెద్ద కలిసి పొన్నూరుకు బయలుదేరాము. అక్కడ సేవ చేస్తున్న మా తోటి కాపరి, నష్టపోయిన కుటుంబములకు కొంత బియ్యము సమకూర్చెదనని కబురు పెట్టియున్నారు. బస్సు బాపట్ల దాటిన తరువాత ఇరుప్రక్కలా చూడలేకపోయాము. చేలన్నీ చెరువులవలె ఉన్నవి. మోకాలి లోతు నీళ్లలో స్త్రీలు తడిసిన పనలను ఎత్తి గట్లమీద పెడుతున్నారు. రోడ్డు అంచున ఎండ తగిలిన చోటల్లా పరదాలు పరచి రంగు మారిన ధాన్యము ఆరబోశారు. బస్సు డ్రైవరు వాటిని త్రొక్కకుండా నడిమికి నడిమిగా పోనిచ్చాడు. ఆ ధాన్యమును ఎవరు కొంటారో, కొనరో. అయినా ఆరబోశారు.

పొన్నూరులో పని ముగిసిన పిమ్మట మా తోటి కాపరి, “ఇంత దూరము వచ్చారు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో యూదులున్నారు గదా, ఈ వారము వారి దీపముల పండుగ. చూచి వెళ్తారా?” అని అడిగారు.

ఆ గ్రామమును గూర్చి మేము వినియున్నాము, కాని ఎన్నడును వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో దాచకుండా చెప్పాలి. అక్కడివారు ఒకప్పుడు మనవలె క్రైస్తవ సంఘములలో ఉన్నవారు. సంఘము విడిచిపోయినవారి పండుగకు కాపరి వెళ్లుటయా, విన్నవారు ఏమనుకొంటారు అని మాకు సంకోచము. అప్పుడు మా యింటివారు ఒక్క మాట అన్నారు: “యేసుప్రభువు ఆ పండుగనాడు గుడికి వెళ్లలేదాండీ?” నిజమే. యోహాను సువార్త 10వ అధ్యాయము 22, 23 వచనములు తీసి చూడండి. అది ఆలయ ప్రతిష్ఠిత పండుగ, శీతకాలము, ప్రభువు దేవాలయములో సొలొమోను మంటపమున సంచరిస్తున్నాడు. హెబ్రీ భాషలో ‘హనుక్కా’ అంటే ప్రతిష్ఠ. మనము ఎన్నోసార్లు చదివి దాటిపోయిన ఆ పండుగ ఇదే. మేము ఇక మాటలాడక బస్సు ఎక్కాము.

కొత్తరెడ్డిపాలెము గుంటూరు జిల్లాలో చేబ్రోలు మండలములోని గ్రామము. చేబ్రోలు ప్రాచీన దేవాలయములకు పేరుపొందిన ఊరు. దానికి ప్రక్కనే ఉన్న ఈ చిన్న గ్రామములో 1990 దశకము ఆరంభము నుండి ఒక సమాజమందిరము ఉన్నదంటే క్రొత్తవారు నమ్మరు. యాకోబి అను ఇంటిపేరుగల కుటుంబమువారి నాయకత్వములో కొన్ని మాదిగ కుటుంబములు తాము ఇశ్రాయేలు గోత్రములలో ఎఫ్రాయిము సంతతివారమని 1980 దశకములో బహిరంగముగా చెప్పుకొని, యూదుల ఆచారములను అవలంబింపసాగారు. ‘బెనె ఎఫ్రాయిము’, అనగా ఎఫ్రాయిము కుమారులు, అని వారి పేరు. క్రీ.పూ. 722 ప్రాంతములో అష్షూరువారు ఉత్తర రాజ్యమును చెరపట్టినప్పుడు చెదరిపోయినవారిలో తమ పితరులు ఉన్నారని వారి విశ్వాసము. వారిని గూర్చి యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను ఇద్దరు పరిశోధకులు వ్రాసిన ఆంగ్ల గ్రంథము 2013లో వెలువడింది. మిజోరము, మణిపూరులలోని బ్నెయ్ మెనషే జనులను ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ 2005లో ఇశ్రాయేలు సంతతిగా అంగీకరించారు గాని, మేము వెళ్లిన నాటికి ఈ తెలుగువారికి అట్టి గుర్తింపు లేదు.

వంశావళులను గూర్చి తీర్పు చెప్పుటకు మేము వెళ్లలేదు. వారి విశ్వాసమునకు, మన విశ్వాసమునకు మధ్య క్రీస్తు అను ప్రశ్న ఉన్నది. దానిని దాచుట వారికిని మర్యాద కాదు, మనకును కాదు. అయితే ఒక సంగతి మరువరాదు. ఆ పేటవారి తాతలు, మన సంఘములలో అనేకుల తాతలు ఒకే విధమైన పేటలలో నుండి వచ్చినవారే. 1876–78 సంవత్సరముల గొప్ప కరువులో డాక్టరు క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో పని ఇప్పించి ఆకలిగొన్నవారిని బ్రతికించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. తిండి లేని కాలములోనే మనవారు తలయెత్తారు. కష్టకాలములో దేవుని వెదకుట మన పేటలకు క్రొత్త కాదు.

మేము చేరేసరికి ప్రొద్దు క్రుంకుతున్నది. మందిరము చిన్నది, ఆడంబరము లేనిది. వచ్చినవారు అందరును మనవంటివారే. మగవారు తలమీద చిన్న టోపీలు పెట్టుకొన్నారు, స్త్రీలు పైట కొంగు తలమీదికి లాగుకొన్నారు. “రండి, కూర్చోండి” అని మాకు చాప వేశారు. మేము ఎవరమో చెప్పుకొన్నాము. ఎవరును ముఖము చిట్లించలేదు. వాడరేవు అనగానే ఒక పెద్దావిడ, “మీకు గాలి గట్టిగా కొట్టిందటగా?” అని అడిగింది. చెప్పాము. ఆమె కూలికి పోయే మనిషి. “మాకూ కోతల్లేవండీ. అయినా పండగ మన చేతిలో డబ్బులు చూసుకుని రాదుగా” అన్నది.

ఆ రాత్రి ఆరవ దీపము. ఆ సంవత్సరము పండుగ డిసెంబరు 7 సాయంత్రము మొదలైంది. తుపాను తీరము దాటి రెండు దినములు కూడ గడిచీ గడవక మునుపే వారు మొదటి దీపము వెలిగించారన్నమాట. తొమ్మిది కొమ్మల దీపవృక్షము. అందులో ఒకటి సేవకదీపము, దానిని ‘షమాష్’ అంటారు. ముందు దానిని వెలిగించి, దానితోనే మిగిలినవాటిని వెలిగిస్తారు. మొదటి రాత్రి ఒకటి, రెండవ రాత్రి రెండు, అట్లు ఎనిమిదవ రాత్రి ఎనిమిది. సేవకదీపములతో కలిపి పండుగ అంతటికి 44 క్రొవ్వొత్తులు కావాలి. కూలి లేని ఆ వారములో ఆ 44 క్రొవ్వొత్తులు కొనియుంచుట చిన్న సంగతి కాదని మాకు తెలుసు.

హెబ్రీలో ప్రార్థన చదివి, తెలుగులో అర్థము చెప్పారు. ఒక చిన్నపిల్ల సేవకదీపము పట్టుకొని ఒక్కొక్కటే వెలిగించింది. ఆ పండుగకు నూనెలో వేయించిన పదార్థములు తినుట ప్రపంచములోని యూదులందరికి వాడుక. మాకు పెట్టినవి మన గారెలే.

ఆ దినములలో ఇశ్రాయేలు దేశము నుండి వచ్చే వార్తలు భయంకరముగా ఉన్నవి. ఆ సంవత్సరము అక్టోబరు 7న అక్కడ జరిగిన దాడి, తరువాత గాజాలో యుద్ధము, ఇరుప్రక్కల పసిపిల్లల మరణములు. అక్కడ సమాధానము కొరకు కూడ ప్రార్థించారు. మేమును ‘ఆమేన్’ అన్నాము.

యూదుల బోధకులు ఎన్నో తరములుగా ఈ పండుగను గూర్చి వేసికొనే ప్రశ్న ఒకటి ఉన్నది. పండుగ కథ మీకు తెలిసియుండవచ్చు. అపవిత్రమైన దేవాలయమును శుద్ధిచేసి దీపము వెలిగించబోతే, ముద్ర చెడని నూనె ఒక్క చిన్న బుడ్డి దొరికిందట. అది ఒక్క దినమునకే చాలును. క్రొత్త నూనె సిద్ధమయ్యేవరకు ఎనిమిది దినములు అది వెలిగిందట. ఈ కథ మక్కబీయుల గ్రంథములలో లేదు, తాల్ముదు అను వారి గ్రంథములో ఉన్నది. ఇప్పుడు ప్రశ్న ఏమంటే, ఒక దినమునకు చాలిన నూనె ఒక దినము వెలుగుట వింత కాదు గదా? మిగిలిన ఏడు దినములే వింత. మరి ఎనిమిది దినములు ఎందుకు పండుగ చేస్తారు?

దీనికి వారు చెప్పుకొన్న జవాబులు అనేకము. వాటిలో మాకు పట్టుబడినది ఇది. మొదటి దినపు అద్భుతము నూనెలో లేదు, వెలిగించినవారిలో ఉన్నది. చాలదని తెలిసియు వెలిగించారు. ఎనిమిది దినములకు సరిపడ నూనె చేకూరిన తరువాత వెలిగిద్దామని ఆగలేదు.

రాత్రి ఇల్లు చేరిన తరువాత మాకు నిద్ర పట్టలేదు. మన బైబిలులో మక్కబీయుల గ్రంథములు ఉండవు. కతోలికుల తెలుగు అనువాదము మా పుస్తకములలో ఒకటి ఉన్నది. దానిని తీసి మొదటి మక్కబీయుల గ్రంథము చదువ నారంభించాము.

సంగతి ఇది. సిరియా దేశమునేలిన నాల్గవ అంతియొకసు యూదుల ఆరాధనను నిషేధించి, క్రీ.పూ. 167లో యెరూషలేము దేవాలయపు బలిపీఠమును అపవిత్రపరచాడు. సున్నతి చేయించిన తల్లులను చంపారు, ధర్మశాస్త్ర గ్రంథములను చించి కాల్చారు. మోదీను అను పల్లెలో మత్తతీయ అను వృద్ధ యాజకుడు తిరుగబడ్డాడు. అతడును అతని కుమారులును కొండలలో తలదాచుకొన్నారు. తండ్రి చనిపోయిన పిమ్మట కుమారుడైన యూదా మక్కబీయుడు నాయకుడై, క్రీ.పూ. 164లో దేవాలయమునకు తిరిగి వచ్చాడు. అక్కడ వారు చూచినదేమి? గుమ్మములు కాలిపోయినవి. పరిశుద్ధస్థలము పాడుపడినది. ఆవరణములలో అడవిలోవలె పొదలు మొలిచినవి. వారు బట్టలు చింపుకొని ఏడ్చారు. అటు తరువాత లేచి, అపవిత్రమైన రాళ్లు తీసివేసి, క్రొత్త రాళ్లతో బలిపీఠము కట్టి, కిస్లేవు నెల 25వ దినమున ప్రతిష్ఠ చేశారు.

ఎనిమిది దినములు ఎందుకు అనుటకు రెండవ గ్రంథములో ఇంకొక కారణము కనిపించింది. కొంతకాలము క్రిందట వారు అడవి మృగములవలె కొండలలోను, గుహలలోను పడియుండి పర్ణశాలల పండుగ గడిపారు. ఆ ఎనిమిది దినముల పండుగను జ్ఞాపకము చేసికొని ఇప్పుడు ఈ విధముగా చేశారట. దుఃఖకాలము తినివేసిన పండుగను వారు తిరిగి తెచ్చుకొన్నారు.

అయితే మమ్మును పట్టి నిలిపిన వచనము మొదటి గ్రంథము నాల్గవ అధ్యాయములో నలభై ఒకటవది. యూదా దేవాలయమును శుద్ధిచేయుచుండగా, కోటలో ఉన్న శత్రువులతో పోరాడుటకు కొందరిని నియమించాడని అక్కడ ఉన్నది. మేము మరల చదివాము. కోటలో శత్రువులు! దేవాలయమునకు దగ్గరనే, దానివైపు చూచుచున్న కోటలో, సిరియా సైనికులు ఇంకను ఉన్నారు. ఆ కోట ఆ దినమున పడలేదు, మరు సంవత్సరమున పడలేదు. యూదా మక్కబీయుడు క్రీ.పూ. 160లో యుద్ధములో చనిపోయాడు, కోట అప్పటికిని శత్రువుల చేతిలోనే ఉన్నది. అతని అన్న సీమోను దానిని స్వాధీనపరచుకొన్నది క్రీ.పూ. 141లో. అనగా ఆ దీపము వెలిగిన తరువాత ఇరువది సంవత్సరములు దాటిన పిమ్మట.

మేము ఇంతకాలము హనుక్కా అంటే గెలిచినవారి పండుగ అనుకొన్నాము. కాదు. అది శత్రువు కోటగోడ మీద నిలువబడి చూచుచుండగా వెలిగించిన దీపము. ఇంకను తీరని కష్టము మధ్యలో పెట్టుకొన్న పండుగ.

అందువలననే కాబోలు, ఆ జనులు దానిని ఎన్నడును విడువలేదు. వారి పెద్దల నియమము ప్రకారము ఆ దీపమును వీధి గుమ్మము దగ్గరనో, కిటికీలోనో, దారిన పోయేవారికి కనబడునట్లు పెట్టవలెను. అపాయ కాలము వస్తే బల్లమీద పెట్టుకొన్నను చాలును. చూడండి, అపాయ కాలములో మానివేయుమని నియమము లేదు. చోటు మార్చుకొమ్మనియే ఉన్నది. 1931లో జర్మనీలోని కీల్ పట్టణములో అకీవా పోస్నర్ అను రబ్బీ ఇంటి కిటికీలో ఈ దీపవృక్షమును పెట్టారు. ఎదురుగా ఉన్న భవనమున నాజీల జెండా వ్రేలాడుచున్నది. ఆయన భార్య రాహేలు ఆ రెండును కనబడునట్లు ఫోటో తీసి, యూదుల వెలుగు నిలుచునని అర్థమిచ్చే మాటలు దాని వెనుక వ్రాసుకొన్నది. 1933లో ఆ కుటుంబము ఆ దేశము విడిచి ప్రాణములు దక్కించుకొన్నది. విడువలేకపోయినవారు లక్షలాదిగా చంపబడ్డారు. ఆ దీపవృక్షము మాత్రము 2022 డిసెంబరులో జర్మనీకి తిరిగి తేబడి, ఆ దేశాధ్యక్షుని యెదుట బెర్లినులో వెలిగించబడింది.

డిసెంబరు 17 ఆదివారము మేము ప్రసంగము సిద్ధపరచుకొనలేదు. చూచినది చెప్పాము, చదివినది చెప్పాము. యూదుల పండుగను మన గుడిలోనికి తెచ్చుకొమ్మని చెప్పలేదు. మనకు లోకమునకు వెలుగైన క్రీస్తు ఉన్నాడు. ఆయన కూడ హేరోదు సింహాసనము మీద ఉండగానే పుట్టాడని మాత్రము జ్ఞాపకము చేశాము. హేరోదు చచ్చిన తరువాత క్రిస్మసు రాలేదు. తొట్టిలో శిశువును పండుకొనబెట్టిన రాత్రి కత్తులు ఇంకను ఒరలోనే ఉన్నవి, గాని అవి ఉన్నవి.

చెప్పి కూర్చున్నాము. కొంతసేపు ఎవరును మాటలాడలేదు. అప్పుడు వెనుక వరుసలో నుండి ఒక ముసలి తల్లి లేచింది. పడవ చీలిపోయినది ఆమె కొడుకుదే.

“అయ్యగారూ, మావోడి ఇంజను ఇంకా బాగవలేదు. డబ్బులెప్పుడు చిక్కుతాయో తెలవదు. అయినా రోజూ పొద్దున్నే ఒడ్డున కూసుని వల కుడతన్నాడు. ఏటకి పోతానని నమ్మకం లేనోడు వల కుడతాడా అయ్యగారూ?”

అంతే అన్నది, కూర్చున్నది. మేము పుస్తకములన్నీ తిరుగవేసి చెప్పిన దానిని ఆమె ఒక్క మాటలో చెప్పింది. పండుగ వద్దన్న ఆ పెద్దాయన తలవంచుకొని కన్నులు తుడుచుకొని, యౌవనస్థులవైపు తిరిగి, “వెదురు మా దొడ్లో ఉంది. నరుక్కోండి. ఒక్క బల్బు పెట్టండి, చాలు” అన్నారు.

ఆ యేడు క్రిస్మసు ఎట్లు జరిగిందో చెప్పి ముగిస్తాము. నక్షత్రము నిరుటి కాగితముతోనే కట్టారు. అక్కడక్కడ అతుకులు వేశారు. దీపాలంకరణకు ప్రతి యేటా అయ్యే సొమ్ముతో వల కుట్టే దారము కొన్నారు. పులిహోర, పప్పు, అన్నముతో ప్రేమవిందు చేశారు. పాటల బృందము ప్రతి ఇంటికి వెళ్లింది. అయితే ఏ ఇంటిలోను కానుక డబ్బా చాపవద్దని పెద్దలు చెప్పారు. కొందరు అయినను గుప్పెడు బియ్యము తెచ్చి సంచిలో పోశారు. పొన్నూరు నుండి వచ్చిన బియ్యముతో కలిపి వాటిని మరల ఇంటింటికి పంచాము.

కష్టములు ఆ రాత్రితో తీరిపోయినవని మేము చెప్పము. అట్లు చెప్పిన సాక్ష్యము అబద్ధసాక్ష్యమవుతుంది. ఆ ముసలి తల్లి కుమారుని ఇంజను ఫిబ్రవరి నెలాఖరుకు గాని బాగుకాలేదు. ఏప్రిల్ 15న వేట నిషేధము మొదలయ్యే లోపల ఆయన సముద్రము మీద గడిపిన దినములు చాల కొద్ది. కౌలు అప్పు తీర్చలేక ఒక కుటుంబము హైదరాబాదుకు ఇంటిపనుల కూలికి వెళ్లిపోయింది. వారి పేర్లు మా సంఘపు పుస్తకములో నుండి మేము కొట్టివేయలేదు. ప్రతి ఆదివారము వారి కొరకు ప్రార్థిస్తాము.

నక్షత్రము మాత్రము ఆ రాత్రి వెలిగింది. వాడరేవు ఒడ్డున దీపస్తంభమునకు ఉన్నంత వెలుగు దానికి లేదు. కాని రాత్రి పొద్దుపోయి చీరాల నుండి నడిచి వస్తున్న ఒక సహోదరుడు, మలుపు దగ్గర దానిని చూచి, “ఓహో, మనవాళ్లు పండగ మానలేదే” అనుకొన్నానని మాతో చెప్పాడు.

ప్రియ పాఠకులారా, ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి మీ యింట ఏ కోట ఇంకను పడలేదో మాకు తెలియదు. అప్పు కావచ్చును, రోగము కావచ్చును, దారి తప్పిన కుమారుడు కావచ్చును. ఎనిమిది దినములకు సరిపడు నూనె ఉన్నదా అని బుడ్డి వంచి చూచుకొనవద్దు. ఈ సాయంత్రమునకు ఉన్నదా? అయితే వెలిగించండి. కుటుంబ ప్రార్థన మానివేసియుంటే ఈ రాత్రి ఒక్క కీర్తనతో మొదలుపెట్టండి. మాటలు లేని పొరుగువారితో ఒక్క మాటతో మొదలుపెట్టండి. రేపటి నూనెను గూర్చి రేపటి దేవుడు చూచుకొంటాడు.

శీతకాలములో సొలొమోను మంటపమున నడచిన మన ప్రభువు మీ గుమ్మము దగ్గర కూడ నడచునుగాక. ఆమేన్.